గుమ్మం ఫొటో

"...అంటే ఆవిడ సంతకం పెట్టేదాకా మేమంతా చేతులు ముడుచుకుని కూర్చోవాలా సార్?"

"కూర్చోవాలి. ఆ గదికి ఇన్‌ఛార్జి ఆవిడ. ఆవిడ సంతకం లేనిదే పాతది ఆపడానికి లేదు."

"నాలుగు రోజులనుంచీ రోజుకో కొత్త ప్రశ్న. నిన్న నా బ్యాగులో ఏముందో కూడా అడిగారు!"

"మీ బ్యాగొక్కటేనా? నేను అన్నం డబ్బాతో ఆ గదిలో అడుగుపెడితే మూత తీసి చూపించమంటుంది. ఓపిక పట్టండమ్మా."

సూపరింటెండెంటు గది తలుపు ఓరగా తీసి ఉంది. బయట నిలబడ్డ తాళాలక్క గొంతు సవరించుకోలేదు. సవరించుకుంటే లోపలి మాటలు ఆగిపోతాయి. ఇంకో నిమిషం ఆగి, ఇంకేమీ రావని తేలాక, అప్పుడే వచ్చినట్టు తలుపు తట్టింది.

ఆ కంటి ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నడుముకు తాళాల గుత్తి, చంకలో గళ్ళ అట్ట నోటుబుక్కు, ముక్కు మీద కళ్ళజోడు. వయసు యాభై రెండు. రిజిస్ట్రేషన్ కౌంటర్లో రోగుల పేర్లు రాసే గుమాస్తాగా చేరి, మూడో అంతస్తులో కంప్యూటర్ల గది దాకా ఎదిగింది. కౌంటర్లో ఉన్న రోజుల్లోనే ఒకసారి కంప్యూటరు చెడిపోయింది. "కంగారెందుకు, కాపీ ఉంది" అన్నాడు అప్పటి మెకానిక్కు. క్యాసెట్టు పెట్టి చూస్తే ఖాళీ. పాత చీటీలు ముందేసుకుని రోగుల జాబితా మళ్ళీ రాయడానికి ఆమెకు నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజుల్లో ఎవరు ఏది ఉందన్నా తన కళ్ళతో చూడనిదే నమ్మకూడదని నేర్చుకుంది. నేర్చుకున్నది ఇంట్లో కూడా వదల్లేదు. గ్యాసు కట్టేశానని మొగుడు చెబితే సరేనని, అతను అటు తిరగ్గానే వెళ్ళి చూసి వచ్చేది.

ఆమె గదిలో మనిషెత్తు పెట్టె ఒకటి రాత్రింబవళ్ళు గుయ్యిమంటూ ఉంటుంది. దాని కడుపులో పదకొండు కంప్యూటర్లు కాపురం చేస్తున్నాయి. వాటికి వేరే ఒళ్ళు లేదు. వాటాల ఇంట్లో గోడలు కట్టుకుని ఎవరి వంట వాళ్ళు చేసుకున్నట్టు, ఒకే యంత్రంలో పదకొండు వర్చువల్ మెషీన్లు. ఒకటి మందుల దుకాణానిది, ఒకటి అపాయింట్‌మెంట్లది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఫొటోల మెషీను. కంటి వెనకపొరను తీసిన ఫొటోలన్నీ అందులోనే ఉంటాయి. నిరుటి ఫొటో, ఈ ఏటి ఫొటో పక్కపక్కన పెట్టి చూస్తేగాని చూపు తగ్గుతోందో లేదో డాక్టర్లకు తెలియదు. "పోయిన చూపును తెచ్చివ్వలేం, పోయిన ఫొటోను అసలే తెచ్చివ్వలేం" అంటుంది పెద్ద డాక్టరమ్మ.

ఈ పదకొండింటికీ రోజూ బ్యాకప్ కాపీ తీసి, వారానికొకసారి టేపు మీదకు ఎక్కించి, టేపును ఇనుప బీరువాలో పెట్టి తాళం వెయ్యడం తాళాలక్క పని. ప్రతి శుక్రవారం పదింటికి ఒక టేపు తీసి, అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెప్పించి, తెరిచి చూసి, నోటుబుక్కులో టిక్కు పెట్టేది. పదకొండేళ్ళలో ఒక్క శుక్రవారం తప్పలేదు.

ఇప్పుడు ఒక కంపెనీ పంపిన ఆవిడ, కాపీలు తీసే కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చి, డెబ్బై రోజులుగా పాతదాని పక్కనే నడిపిస్తోంది. దానికి టేపులక్కర్లేదు, బీరువా అక్కర్లేదు, శుక్రవారమూ అక్కర్లేదు. 'పదకొండు మెషీన్లనూ ఈ కాపీలనుంచి పూర్తిగా తిరిగి నిలబెట్టవచ్చు' అన్న కాగితం మీద తాళాలక్క సంతకం పెడితే సోమవారంనుంచి పాతది బంద్. ఆ మాట రేపు అబద్ధమని తేలితే వెనక్కి చూసుకోవడానికి ఇంకేమీ ఉండదు.

"రండి మేడమ్, మీకోసమే చూస్తున్నాం" అంది కంపెనీ ఆవిడ. ముప్పై దాటిన మనిషి, నిద్ర చాలని కళ్ళు.

"విన్నాను" అంది తాళాలక్క. ఏం విన్నదో చెప్పలేదు.

ముగ్గురూ మూడో అంతస్తుకు నడిచారు. కంపెనీ ఆవిడ తెర మీద ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టింది.

"ఈ కాపీలను ముప్పై రోజులదాకా ఎవరూ చెరపలేరు మేడమ్. దొంగ ప్రోగ్రాము లోపలికి దూరినా వీటిని ముట్టుకోలేదు. మీరు కూడా చెరపలేరు."

"నేనెందుకు చెరుపుతాను?"

"చెరుపుతారని కాదు..."

"మరి నా ఊసెందుకు తెచ్చారు?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోకు తాళాలక్కా" అన్నాడు సూపరింటెండెంటు. "మాట వరసకు అంది."

"ఇంటి తాళం ఇంటావిడకే ఇవ్వనిదాన్ని ఏమనుకోవాలి సార్?"

కంపెనీ ఆవిడ ఊపిరి తీసుకుని ముందుకు పోయింది. "ఒక మెషీను పాడైతే ఇదివరకు గంటలకొద్దీ కాపీ చేసుకోవాలి. ఇప్పుడు కాపీనే నేరుగా లేపి నిలబెట్టొచ్చు. రెండు మూడు నిమిషాలు. ఇంకొకటి, ఇది అన్నిటికన్నా గొప్పది. రోజూ తెల్లవారుజామున ఇదే ప్రతి కాపీనీ ఒక మూసిన గదిలాంటి చోట లేపి చూస్తుంది. లేచిందా లేదా అని తెర ఫొటో తీసి, పచ్చ టిక్కు పెట్టి మీకు పంపిస్తుంది. మీరు శుక్రవారాలు కష్టపడక్కర్లేదు."

తాళాలక్క ఫొటోలు చూసింది. పదకొండు ఫొటోలు, పదకొండు పచ్చ టిక్కులు. అన్నిటిలోనూ పేరూ పాస్‌వర్డూ అడిగే నీలం తెరే.

"ఇది గుమ్మం ఫొటో" అంది.

"అంటే?"

"గుమ్మం నిలబడి ఉంది, సరే. లోపల సామానుందో లేదో ఎవరు చూశారు? సంబంధం చూడ్డానికి వెళ్ళి వీధి తలుపు చూసి వచ్చేస్తామా? ఫొటోల మెషీను లేపండి. ఒక కంటి ఫొటో తెరిచి చూపించండి."

"అది డెబ్బై రోజుల్నుంచీ రోజూ పాసవుతోంది మేడమ్."

"అందుకే అనుమానం."

కంపెనీ ఆవిడ బటన్లు నొక్కింది. రెండు నిమిషాల నలభై సెకన్లలో మెషీను లేచింది. సూపరింటెండెంటు వాచీ చూసుకుని భేష్ అన్నాడు. పాస్‌వర్డు కొట్టి, ఫొటోల ప్రోగ్రాము తెరిచి, ఒక రోగి నంబరు వేశారు. పేరు వచ్చింది, వయసు వచ్చింది. ఫొటో ఉండాల్సిన చోట బూడిదరంగు చతురస్రం. ఇంకో నంబరు వేశారు. ఇంకో చతురస్రం. ఎనిమిది నంబర్లు, ఎనిమిది చతురస్రాలు.

"చూశారా!" అంది తాళాలక్క. అంతకన్నా గట్టిగా ఆ గదిలో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

కంపెనీ ఆవిడ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. సెట్టింగులు ఒక్కొక్కటే వెతికి, ఒక చోట వేలు పెట్టింది. "ఫొటోలుండేది రెండో డిస్కులో. ఆ డిస్కును కాపీ తియ్యొద్దని ఇక్కడ ఉంది. నేను పెట్టలేదు సార్. మీ పాత సాఫ్ట్‌వేర్లో ఏవేవి కాపీ తియ్యాలన్న జాబితా ఎలా ఉందో ఉన్నదున్నట్టు ఇందులోకి తెచ్చాను, అంతే."

"అయితే తప్పు మాదేనంటారా?" సూపరింటెండెంటు గొంతు పెరిగింది. "ఆవిడ చూసి ఉండకపోతే సోమవారం పాతది ఆపేసేవాళ్ళం. వేలమంది కళ్ళతో ఆటలా? మీ కంపెనీకి ఉత్తరం రాస్తున్నాను. మిమ్మల్ని మార్చి ఇంకొకరిని పంపమని రాస్తున్నాను."

"సార్, ఇది నా మొదటి పెద్ద పని. ఆ ఉత్తరం వెళ్తే నన్ను ఉంచరు."

"రేపు పొద్దున పదింటికి వెళ్తుంది" అని ఆయన దిగిపోయాడు. కంపెనీ ఆవిడ ల్యాప్‌టాప్ మూసి, బ్యాగు తీసుకుని, తాళాలక్క ఎదుట జిప్పు మొత్తం తెరిచి పట్టుకుంది. "చూసుకోండి మేడమ్" అని, చూసేదాకా ఆగకుండా వెళ్ళిపోయింది.

తాళాలక్క ఒక్కతే మిగిలింది. గెలిచింది కదా, స్థిమితంగా కూర్చోవాలి. కానీ ఆ పిల్ల అన్న 'ఉన్నదున్నట్టు' అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. అబద్ధం చెబుతోంది. అబద్ధమని చూపించాలంటే ఒక టేపు చాలు.

బీరువా తెరిచి పోయిన శుక్రవారం టేపు తీసి యంత్రంలో పెట్టింది. అలవాటైన చెయ్యి అలవాటైన ఫైలునే తెప్పించింది. పదకొండేళ్ళ కిందటి నర్సుల డ్యూటీ పట్టిక. ప్రతి శుక్రవారమూ అదే. ఆ పట్టికలో ప్రతి గడీ ఆమెకు కంఠతా వచ్చు. ఒక్క అక్షరం తేడా వచ్చినా పట్టుకోవచ్చు, తనను ఎవరూ మోసం చెయ్యలేరని అప్పట్లో ఏరికోరి ఎంచుకున్న ఫైలు. అది చక్కగా వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే.

అది ఉన్నది ఫొటోల మెషీను మొదటి డిస్కులో.

ఫొటోల కోసం టేపు జాబితాలో కిందిదాకా వెళ్ళింది. మొదటి డిస్కు ఉంది. రెండోది లేదు. అంతకుముందు వారం టేపు పెట్టింది. లేదు. ఆర్నెల్ల కిందటి టేపు, లేదు. ఏడాది కిందటిదీ పెట్టి చూసింది, లేదు.

అప్పుడు నోటుబుక్కు తెరిచింది. వెనక్కి, ఇంకా వెనక్కి. మూడేళ్ళ నాలుగు నెలల కిందట, మొదటి డిస్కు నిండిపోయి ఫొటోలన్నీ కొత్త డిస్కుకు మార్చిన రోజు. అంత పెద్ద డిస్కు కాపీ మొదలుపెడితే పొద్దున్న ఓపీ నెమ్మదిస్తుందని ఆ ఒక్క రోజుకు దాన్ని జాబితాలోంచి తీసేసింది. ఆ సంగతి తన గుండ్రటి అక్షరాల్లోనే ఉంది: 'రెండో డిస్కు రేపు కలపాలి.' మర్నాటి పేజీలో ఆ ఊసు లేదు. ఆ వారం శుక్రవారం ఎదురుగా టిక్కు ఉంది. తర్వాత వారం టిక్కు. నూట డెబ్బై పైచిలుకు టిక్కులు.

మూడేళ్ళుగా ఆ ఫొటోలన్నిటికీ ఉన్నది ఒకే ఒక్క ప్రతి. అది ఇవాళ్టికి బాగానే ఉంది, ఎవరి ఫొటో పోలేదు. పోకుండా కాపాడింది మాత్రం తను కాదు.

అందరినీ అనుమానించింది. తను పట్టిన కుందేలుకు మాత్రం మూడే కాళ్ళని పదకొండేళ్ళు గట్టిగా నమ్మింది.

ఈ నోటుబుక్కు ఆమె తప్ప ఎవరూ తెరవరు. కొత్త సాఫ్ట్‌వేర్లో ఆ డిస్కు కలపడం ఒక్క టిక్కు పని. ఉత్తరం ఎలాగూ వెళ్తుంది. ఇంకొకరు వస్తారు, కలుపుతారు, అయిపోతుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం పెడుతుంటే మొగుడు ఆమెకేసి వింతగా చూశాడు. అతను బస్సు డిపోలో టైమ్‌కీపరు.

"ఏమే, ఒంట్లో బాగుందా?"

"ఏం?"

"గ్యాసు కట్టానా అని అడగలేదు. వీధి గడియ పెట్టానా అనీ అడగలేదు. భయమేస్తోంది."

ఆమె నవ్వలేదు. కూర వడ్డిస్తూ అడిగింది. "ఏమండీ, మీ డిపోలో ఎప్పుడైనా మీ తప్పు ఇంకొకళ్ళ మీద పడిందా?"

అతను ముద్ద కలపడం ఆపాడు. "ఒకసారి. నా గడియారం నాలుగు నిమిషాలు ముందుందని తెలీక, ఒక డ్రైవరు వారమంతా ఆలస్యంగా వచ్చాడని రాశాను. అతన్ని ఆ రూటునుంచి తీసేశారు."

"తెలిశాక ఏం చేశారు?"

"గడియారం సరిచేసుకున్నాను."

"అతనికి చెప్పలేదా?"

"లేదు. ఇప్పటికీ కనబడితే చెయ్యెత్తి నమస్కారం పెడతాడు. తిట్టినా బాగుండేది." అతను మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. "ఎందుకడిగావు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు" అన్నాడు గాని, తవ్వలేదు.

మర్నాడు శుక్రవారం. తొమ్మిదిన్నరకే ఆమె సూపరింటెండెంటు గదిలో ఉంది. ఆయన ఉత్తరం టైపు చేయించి సంతకానికి పెన్ను తీస్తున్నాడు. కంపెనీ ఆవిడ గోడవారగా కుర్చీ అంచున కూర్చుని ఉంది. తాళాలక్కను చూసి ముఖం తిప్పుకుంది.

"వచ్చావా, మంచిది" అన్నాడు ఆయన. "నువ్వే పట్టుకున్నావని కూడా రాశాను ఇందులో. చదువుతాను విను."

"చదవకండి సార్." నోటుబుక్కు ఆయన ముందు తెరిచి, ఒక వరుస కింద వేలు పెట్టింది. "ఇది నా రాత."

ఆయన చదివాడు. తారీఖు చూసి, కళ్ళజోడు పైకి నెట్టుకుని మళ్ళీ చదివాడు. "ఇదేంటి తాళాలక్కా? అంటే, టేపుల్లో కూడా..."

"లేవు. మూడేళ్ళనుంచీ లేవు. నిన్న సాయంత్రం చూశాను. నా జాబితానే ఈవిడ ఉన్నదున్నట్టు తెచ్చింది. నిన్న చెప్పింది నిజమే."

కంపెనీ ఆవిడ తల ఇటు తిప్పింది. ఆమె ఏదో అనబోతుంటే తాళాలక్క చెయ్యెత్తి ఆపింది.

"ఆ ఉత్తరం కంపెనీకి వద్దు సార్, నా పేరున రాయండి. రెండో డిస్కు ఇప్పుడే కలిపిస్తాను. అది పూర్తయ్యాక కాపీలోంచి ఏ రోగి ఫొటో తెరవాలో పెద్ద డాక్టరమ్మ చెబుతారు, తెరిచి చూపించేది ఈవిడ. ఇకమీదట ఏ పరీక్షకూ నేను ఫైలు ఎంచను."