మావయ్య లారీకెక్కిన హీటు

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి ఒకే ఒక్క ఇంగ్లీషు మాట సరిపోయేది. అది హీటు. తెచ్చింది పక్కింటి లారీ మావయ్య. ఇంజను కాగితే హీటు, మామిడిపళ్ళు తెగ తిని నాకు సెగ్గడ్డ లేస్తే ఒంట్లో హీటు, ఎన్నికలొస్తే ఊళ్ళో హీటు, అత్తయ్య పలకకుండా అన్నం వడ్డిస్తే అన్నిటికన్నా పెద్ద హీటు. నేను అయిదో తరగతితో బడికి దణ్ణం పెట్టేశాను గానీ, ఆ ఒక్క మాట మీద మాత్రం మావయ్య దగ్గర పెద్ద చదువే చదివాను.

ఒక శివరాత్రికి మావయ్య తన రాళ్ళ లారీలో మమ్మల్ని కారంపూడి నుంచి కోటప్పకొండకు తీసుకెళ్తున్నాడు. వెనక మా నాన్న, బాబాయి, ఇద్దరి సంసారాలు. నా పక్కన బాబాయి కూతురు. ఇద్దరికీ ఒకే తానులో కుట్టించిన పరికిణీలు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని కొండెక్కాలని నెల్లాళ్ళుగా అనుకుంటున్నాం.

సగం దారిలో మిరపచేలకు బావి నీళ్ళ వంతు మాటొచ్చింది. అన్నదమ్ములిద్దరూ లేచి నిలబడ్డారు. చివరికి బాబాయి కూతురి రెక్క పట్టుకుని, "ఆపు లారీ! ఈడే దిగి ఎనక్కి పోతాం. ఇయ్యాల్టి నుంచి నాకు అన్న లేడు" అన్నాడు. దాని రెండో రెక్క నేను వదల్లేదు.

లారీ ఆగింది. మావయ్య దిగి బానెట్టు ఎత్తాడు. "బండి హీటెక్కింది. మీ తగువు తర్వాత, ముందు నీళ్ళు కావాల" అంటూ ఒక డ్రమ్ము దించి, పొలంలో దూరంగా ఉన్న బావి చూపించాడు. నీళ్ళు నిండాక ఆ డ్రమ్ము ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. నాన్న, బాబాయి చెరోవైపు మొహం తిప్పుకుని వెళ్ళారు.

నాకు కుదురెక్కడిది? నిజంగా హీటెక్కితే ఇంజను పొగలు కక్కుతుంది. చేతికి గోనెసంచి చుట్టుకుంటే గానీ మావయ్య రేడియేటరు మూత ముట్టుకోడు. ఇప్పుడు పొగా లేదు, బుసా లేదు.

"పొగేది మావయ్యా?" అన్నాను.

"నోర్ముయ్యవే! కాగినప్పుడు మూత తీస్తే మొకాన కొట్టిద్ది. కాసేపు ఆగాల."

అలా అంటూ ఆయన ఇంజను వైపు చూడలేదు. గట్టు మీద నడుస్తున్న వాళ్ళిద్దరినీ చూస్తున్నాడు.

నీళ్ళొచ్చాయి. మావయ్య వాటిని లారీ చాటున తుమ్మచెట్టు మొదట్లో పారబోసి, "ఇంకా తగ్గలా" అని మళ్ళీ మళ్ళీ పంపాడు. మొదటిసారి ఎవరో తెలియనివాళ్ళలా నడిచినవాళ్ళు, రెండోసారి కాళ్ళ మీద నీళ్ళు ఒలికాయని తిట్టుకున్నారు. మూడోసారి వస్తూ నాన్న, "నీ చేలో ఆకుముడత తగ్గిందంట్రా?" అన్నాడు. "ఏం తగ్గిద్ది, నువ్వు నీళ్ళు వదిలితేగా!" అన్నాడు బాబాయి. ఇద్దరికీ నవ్వొచ్చింది. బాబాయి ముందు లారీ ఎక్కి, నాన్నకు చెయ్యందించాడు.

చాలా ఏళ్ళకు మావయ్య పోయాక, ఆ రోజు లారీ హీటెక్కలేదన్న రహస్యం నాన్నకు చెప్పాను.

"రెండో డ్రమ్ముకే నాకు తెలిసిపోయిందే" అన్నాడు నాన్న.

"మరి మూడోసారి ఎందుకు పోయావ్?"

"తమ్ముడు లేచాడు. నేనూ లేచా."

ఇప్పుడు మా ఇంట్లో ఫోను హీటు, టీవీలో వార్తలు హీటు. కొడుకూ కోడలూ గొంతు పెంచితే నేను తీర్పులు చెప్పను. నా మంచం కాస్త జరపమంటాను. నిన్న కిటికీ దగ్గరికి, ఇవాళ తలుపు దగ్గరికి. వాళ్ళకూ తెలిసే ఉంటుంది. అయినా చెరోవైపు పట్టుకుంటున్నారు. మావయ్యకు మనసులోనే దణ్ణం పెట్టుకుని, ఎక్కడ వేస్తే అక్కడ పడుకుంటున్నాను.