పట్ట కట్టలేని షెడ్డు

ఈ రోజు మధ్యాహ్నం ఎండిన నేల మీద నాలుగు చినుకులు రాలగానే మట్టి వాసన గుప్పుమంది. వెంటనే రోడ్డవతలి జిన్నింగు మిల్లులో టార్పాలిన్ పట్టలు ఫటఫటమని విచ్చుకుంటున్న చప్పుడు. మా ఆదోనిలో ఉరుము కన్నా ముందు వినబడేది అదే. పత్తి తడిస్తే కొనే నాథుడుండడు. అందుకే చినుకు పడితే షావుకారైనా, హమాలీ అయినా టీ గ్లాసు పక్కన పెట్టి పట్ట కోసం పరిగెత్తాల్సిందే. ఆ చప్పుడుకు నా గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. ఆ దడలో భయం పావలా, సంబరం ముప్పావలా. రజియా మేడమ్ గుర్తొస్తుంది మరి!

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద ఉంటుంది మా ప్లాంటు. పాత బ్యాటరీలను ముక్కలు చేసి, వాటిలోని లోహాలను తిరిగి రాబడతాం. అక్కడ మేడమ్ ప్రాసెస్ సేఫ్టీ హెడ్డు. ప్రమాదాన్ని జరగకముందే ఊహించి, దారి కాచి ఆపడం ఆ ఉద్యోగం. నేను ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి నుంచి ఇంజనీరింగు చదివి వచ్చి ఆవిడ కింద చేరాను. ఆవిడ ఆదోనిలో దూది ఏకి పరుపులు కుట్టే ఇంటి బిడ్డ. ఎక్కడెక్కడి రసాయన కర్మాగారాల్లోనో పనిచేసి సొంత ఊరికి వచ్చింది. సేఫ్టీ వాళ్లంటే మొహం ముడుచుకుని అది ముట్టద్దు, ఇది ముట్టద్దు అనేవాళ్లని నేననుకునేదాన్ని. ఈవిడేమో కథ వినే చిన్నపిల్లలా ఉండేది. మీటింగులో అందరి మధ్యా ఉగ్గాని, బజ్జీలు పెట్టించి, "ఈ పైపు పగిలిందనుకో పాపా, ఏమైతాది?" అని మొదలుపెట్టేది. నేనేదో చెప్పేదాన్ని. "ఊఁ, ఆ తర్వాత?" ఇంకాస్త చెప్పేదాన్ని. "ఆడున్న మనిషి ఏం సేస్తాడు?" ఆ మనిషి గురించి నేనెప్పుడూ ఆలోచించి ఉండేదాన్ని కాదు. నేను చదివిన పుస్తకాల నిండా పైపులూ వాల్వులే.

ప్లాంటు మొదలైన ఏడాది తొలకరి అది. ఉబ్బిన, దెబ్బతిన్న బ్యాటరీలను మిగతా వాటికి దూరంగా, కంచె వేసిన ఖాళీ స్థలంలో ఉంచేవాళ్లం. వాటిలోంచి గ్యాసు వస్తుంటుంది. అది ఒకచోట చేరితే అంటుకుంటుంది. అందుకే పైన కప్పు కూడా వేయలేదు. కప్పి పెట్టడం కన్నా తడవడమే మేలని మేడమ్ లెక్క. ఆ సంగతి శిక్షణలో అందరికీ చెప్పాం. హనుమంతన్న కూడా విని తలూపాడు. ఆయన మార్కెట్ యార్డులో ఏళ్ల తరబడి హమాలీగా పత్తి బేళ్లు మోసి, మా దగ్గర లోడింగు మేస్త్రీగా చేరిన మనిషి.

ఒకరోజు పగటిపూట వాన ఉన్నట్టుండి దంచికొట్టింది. మేడమ్, నేను కిటికీ దగ్గరికి వచ్చేసరికి హనుమంతన్న లారీ మీది పట్ట లాక్కొచ్చి ఆ బ్యాటరీల మీద పరిచేశాడు. అంచులన్నీ కంచెకు బిగించి, ఆఖరి తాడు చేతిలో పట్టుకుని ఉన్నాడు. పట్ట నడిమధ్యన పూరీలా పొంగుతోంది. మేడమ్ ఒక్క పరుగు తీసింది. వెనకే నేను. కంచెకు చాలా ఇవతలే ఆగి, నన్నూ రెక్క పట్టుకుని ఆపి, అరిచింది.

"అన్నా, తాడు వదిలేయ్! ఈడికి రా!"

"మాలు తడుస్తాంది మేడం! ఒక్క ముడి ఏసి వస్తా!"

"మాలు పోతే పోనీ! గ్యాసు వస్తాంది!"

ఆయన చెవికి గ్యాసు ఎక్కలేదు. కళ్లెదుట మాలు తడవనిచ్చాడన్న మాట ఏ హమాలీ పడతాడు? తాడు ఇంకా లాగుతూనే ఉన్నాడు. అప్పుడు మేడమ్ గొంతు చించుకుని, చిన్నప్పుడు పత్తి గోదాముల దగ్గర విన్న కేక వేసింది.

"కడుపులో నిప్పు! అన్నా, కడుపులో నిప్పు!"

పత్తి బేలు పైకి చల్లగా కనబడుతూ లోపల్లోపల రాజుకుంటున్నప్పుడు వేసే కేక అది. హనుమంతన్న తాడు విడిచి, ఒక్క ఉరుకున మా దగ్గరికి వచ్చిపడ్డాడు. ఆయన ఊపిరి తీసుకునేలోపే పట్టను చీల్చుకుని మంట లేచింది. అంత వానలోనూ తారాజువ్వల్లా నిప్పులు చిమ్మాయి. మేడమ్ ఆయన చేతులు రెండూ పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "కాల్లేదు కదన్నా, కాల్లేదు కదా" అంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఎందుకో నవ్వాను కూడా.

మర్నాడు మేనేజరు, చెప్పినా వినని మనిషి మనకొద్దు, పంపించేద్దామన్నాడు. మేడమ్ శాంతంగానే అడిగింది.

"పంపించండి సార్. రేపు వచ్చేటోడు యాడోడు? ఆదోనోడే కదా! వానొస్తే వాడూ పట్టే ఎతుకుతాడు. వాన పడితే బ్యాటరీ ఏమైతాదో ఆలోచించినాం గానీ, ఈ ఊరి మనిషి చేతులు యాడికి పోతాయో ఆలోచించినామా? తప్పు మనది."

హనుమంతన్న ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత మేడమ్ కొత్త షెడ్డు గీయించింది. అందనంత ఎత్తున కప్పు, గ్యాసు పైకి పోవడానికి నడుమ సందు, నాలుగు పక్కలా బయలు. కంచె కూడా దూరం జరిగింది. బ్యాటరీలు తేకముందే ఖాళీ షెడ్డులోకి హనుమంతన్నను పిలిచి చేతికి పట్ట ఇచ్చింది. "కట్టన్నా, నీ వల్లయితే కట్టు, సూద్దాం!" ప్లాంటంతా చుట్టూ మూగింది. మొదట సిగ్గుపడిన మనిషి కాసేపటికి పంతం పట్టాడు. ఒక స్తంభానికి పొడుచుకొచ్చిన బోల్టు దొరికితే దానికి తాడు తగిలించి మీసం మెలేశాడు. మేడమ్ ఎగిరి చప్పట్లు కొట్టి, ఆ బోల్టును నున్నగా కోయించింది. మళ్లీ పిలిచింది. ఈసారి వాన నీళ్ల గొట్టానికి ముడి వేశాడు. గొట్టాన్ని మార్పించింది. ఆఖరికి ఎటు చుట్టినా తాడు జారి కిందపడింది. "ఇంగ నా చేత కాదు మేడం!" అని ఆయన పట్ట విసిరేస్తే కుస్తీ గెలిచినట్టు అందరం కేకలు వేశాం. ఓడిన హనుమంతన్నకే మొదటి బజ్జీ. ఇంజనీరునైనందుకు నేను గర్వపడిన రోజు అది.

ఇప్పుడు మేడమ్ ఇంకో ఊళ్లో, ఇంకో ప్లాంటులో ఉంది. ఆవిడ కుర్చీలో నేను. ఏ యంత్రం బొమ్మ నా ముందుకు వచ్చినా దాని పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుంటాను. వేరే ఊరి మనిషిని కాదు, మా ఊరి మనిషినే. వీడి చేతులు ఎటు పోతాయని అడుగుతాను. జవాబు దొరికేదాకా సంతకం పెట్టను.

ఇందాక వాన మొదలవగానే ఫోన్ మోగింది.

"పాపా, ఆదోనిలో వానంట కదా! అన్న చేతులు యాడున్నాయి?"

కిటికీలోంచి చూశాను. అవతల పట్టల చప్పుడు వినగానే హనుమంతన్న ఒక అడుగు ముందుకు వేశాడు. తల ఎత్తి షెడ్డు కప్పు చూసి, తనలో తనే నవ్వుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"వెనక్కి కట్టుకున్నాడు మేడమ్" అన్నాను.

"మరి నీవి?"

చూసుకున్నాను. నా చెయ్యి ఎప్పుడు పోయిందో, పట్ట కోసం పరిగెత్తేదానిలా తలుపు గడియ మీద ఉంది.