ఎండ తగలకూడని ముఖం

నా ముఖం మీద గుంటలున్న సంగతి నాకు మొదట చెప్పింది పక్కింటి అత్త. బావి దగ్గర బిందె ఎత్తుకోబోతూ నా వంక చూసి, "ఏమే, నీ మొహమేందే, పెనం మీద అట్టు మాదిరి బెజ్జాలు పడతా ఉంది?" అంది. పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అద్దం తీసి చూసుకుంటే ముక్కుకి రెండు పక్కలా, బుగ్గల మీదా నిజంగానే అట్టు. అమ్మ అట్లు పోసిన పూట నేను ఆకలి లేదనడం అప్పటినుంచే మొదలైంది.

అమ్మవారు పోసిన మచ్చలయితే ఎవరూ ఎగతాళి చెయ్యరు, చెంపలేసుకుంటారు. నావి అవి కావు. వెంట్రుక మొలిచే ప్రతి చోటా చర్మం చిన్న నోరు తెరుచుకున్నట్టుండేది. శనగపిండి రుద్దింది అమ్మ. మీగడ రాసింది. పుల్ల మజ్జిగతో కడిగించింది. నోళ్ళు మూసుకోలేదు.

గురజాలకి కొంచెం దూరంలో మాకు సున్నపు బట్టీ ఉంది. నాయన పొద్దస్తమానం అక్కడే ఉంటాడు. ఎనిమిదో తరగతి అయ్యాక ఇంట్లో కూచున్న నాకు మా ఊరి బడి పంతులమ్మ పాత పుస్తకాలు ఇస్తూ ఉండేది. పచారీ సామాను చుట్టి వచ్చిన కాగితాలు కూడా నేను పారేయను, తడి ఆరబెట్టి చదువుతాను. ఈ ఎండాకాలం మొదట్లో పంతులమ్మ నాయనతో మాట్లాడింది. గుంటూరులో టీచరు ట్రైనింగుకి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారట, తనే వెంటబెట్టుకుని పోయి చేర్పిస్తుందట.

నాయన చుట్ట ఆర్పాడు. "రాజుపాలెం వాళ్ళు పిల్లని చూడ్డానికొస్తామన్నారమ్మా. కుదిరితే పెళ్ళి చేస్తా. కుదరకపోతే మీతో పంపిస్తా. పోయి చదువుకోనీ" అన్నాడు.

మా ఇళ్ళలో ఇంతకంటే మంచి మాట ఏ ఆడపిల్లా విని ఉండదు. ఆ రాత్రి డైరీలో ఆ మాట ఒక్కటే రాసుకున్నాను. సంబంధం తప్పిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నా ముఖం బాగుపడాలనీ పెట్టుకున్నాను. రెండూ ఒకే దేవుణ్ణి ఒకే పూట అడిగాను.

ముఖం సంగతి ముందు తీరింది. అక్క మొగుడు నరసరావుపేటలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. బొగ్గుతో నడిచే బస్సులో ముఖమంతా మసి చేసుకుని దిగాడు. జేబులోంచి చిన్న గాజు సీసా తీసి అమ్మ చేతిలో పెట్టాడు. లోపల తెల్లటి లేపనం, ఆసుపత్రి వాసన.

"మరదలా, నీ పాత మొహానికి సెలవు చెప్పుకో. ఇది పూస్తే తోలు పాము కుబుసం మాదిరి ఊడొస్తది. కింద కొత్త తోలు. దాంట్లో గుంటలుండవు."

"నువ్వు చూశావా అయ్యా ఎవరికన్నా?" అంది అమ్మ.

"మా డాక్టరు తామరకి పూస్తాడత్తా. అంత మొండి తామరే పోతుంటే, గుంటలెంత?"

"నీ మొహానికి పూసుకోకపోయావా ముందు, ఆ మసన్నా పోయేది" అని లోపల్నించి, పుట్టింటికొచ్చి ఉన్న అక్క అంది.

బావ నవ్వి, తర్వాత ముఖం గంభీరంగా పెట్టి చెప్పాడు. "ఎండ తగలకూడదు. తగిలితే నల్లబడి అట్టాగే ఉండిపోద్ది. తోలు ఊడేటప్పుడు గిల్లమాక. ఇంకేమీ పుయ్యమాకండి."

ఇంకేమీ పుయ్యకూడదని అమ్మ కూడా విన్నది. కానీ మా అమ్మ లెక్కలో పసుపు ఆ 'ఇంకేమీ'లోకి రాదు. నీళ్ళు పోసుకున్నాక ఒళ్ళు తుడుచుకోవడం ఎంతో, పసుపు రాసుకోవడం అంతే. అది పూత కాదు, మందు కాదు.

చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం ఇల్లంతా సున్నం కొడుతున్నారు. మొదట కొట్టింది ధాన్యం గది, అందుకని నన్ను అందులో పెట్టారు. కిటికీకి గోనె కట్టారు. బావ మందు రాసి వెళ్ళాడు. మొదట చల్లగా, కాసేపటికి చీమలు పాకినట్టు, ఆ తర్వాత ఎర్రటి పెనం దగ్గర ముఖం పెట్టినట్టు ఉంది. మందు ఆరి తోలు బిగుసుకుంది. నోరు తెరిస్తే పెదాల మూలలు చిట్లుతున్నాయి. గంజి కొంచెం కొంచెం పీల్చుకుంటూ తాగాను. మాట్లాడాలంటే పళ్ళ సందుల్లోంచే.

చదువుకుందామంటే వెలుతురు లేదు. గోనె అల్లికలోంచి చుక్కలు చుక్కలుగా ఎండ నేల మీద పడేది, మధ్యాహ్నానికి నాపరాళ్ళ మీద జరిగి గాదె దగ్గరికి వచ్చేది. ఆ చుక్కలు నా కాళ్ళ మీదికి వస్తే కాళ్ళు ముడుచుకునేదాన్ని, ముఖానికే కదా తగలకూడనిది అని తెలిసినా. బయట సున్నం కొట్టేవాళ్ళు నవ్వుకుంటూ మాట్లాడుకోవడం వినపడేది. నేను మాత్రం ఒక వాక్యం తయారుచేసుకుంటున్నాను. వచ్చినవాళ్ళలో ఎవరైనా పెద్దావిడ నన్ను ఏదైనా అడిగితే, 'నాకు ట్రైనింగుకి పోవాలనుందండీ' అని చెప్పాలి. ఎంతో చిన్న వాక్యం. దాన్ని మనసులో ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో.

తోలు నుదుటి దగ్గర లేవడం మొదలైంది. కింద పచ్చి చర్మం, గాలి తగిలినా మంట. అది చూసి అమ్మ గిన్నె నిండా పసుపు నూరి తెచ్చింది. "పచ్చి పుండుకి పసుపుని మించిన మందేందే" అని ముఖమంతా పట్టించింది. మంటకి తట్టుకోలేక, అమ్మ వెళ్ళిన తర్వాత లేచి చెంపని గోడకి ఆనించాను. కొత్త సున్నం, గాలాడని గదిలో తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ చల్లదనానికి ప్రాణం లేచి వచ్చింది. రెండో చెంప కూడా ఆనించి అలాగే నిలబడ్డాను.

అప్పుడే వీధిలో బండి ఆగిన చప్పుడు. రాజుపాలెం వాళ్ళు. గురజాలలో ఏదో కోర్టు పని పడి, ఎట్టాగూ వచ్చాం కదా అని చెప్పిన రోజుకి ముందే దిగారు. అమ్మ తలుపు తీసి లోపలికి వచ్చి నన్ను చూసి, "ఓరి నాయనో, నెత్తురు!" అని కూలబడింది.

ఆమె వెనకే పెళ్ళికొడుకు తల్లి. లావుగా, చేతిలో తాటాకు విసనకర్రతో ఉంది. గుమ్మంలో ఆగి నన్నూ గోడనూ మార్చి మార్చి చూసింది. తెల్లటి గోడ మీద రెండు ఎర్రటి మరకలు, నా చెంపలంత.

"నెత్తురు కాదొదినా, లే" అంది. "పసుపుకి సున్నం తగిలితే ఏమయిద్దో తెలీదా నీకు? పారాణి కలపలేదా ఎప్పుడూ? కాస్త చింతపండు నీళ్ళు తేపో."

అమ్మ సిగ్గుపడి లేచి పరిగెత్తింది. చింతపండు నీళ్ళతో తుడుస్తుంటే పచ్చి చర్మం భగ్గుమంది. చూస్తుండగానే ఎరుపు పోయి పసుపు తిరిగొచ్చింది. ఈసారి మామూలు పసుపు కాదు, లోపలికంటా ఇంకిపోయింది. ఆవిడ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఊడీ ఊడని తోలు, దాని మీద దట్టంగా పసుపు. గుంటలెక్కడ కనపడతాయి?

"నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగింది.

ఆ గదిలో నన్ను ఆ మాట అడిగినది ఆవిడే. నా వాక్యం నాలిక చివరికి వచ్చింది. నోరు తెరవబోతే పెదవి మూల చిట్లింది. మంట కంటే ముందు సిగ్గు వచ్చింది. తల అడ్డంగా ఊపాను.

"ఓర్పున్న పిల్ల" అంది ఆవిడ అమ్మతో. "పసుపుకొమ్ములాగుంది. మాకు నచ్చింది."

బయట మగవాళ్ళు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. నాయన నవ్వు వినపడింది.

వాళ్ళు వెళ్ళాక నాలుగు పూటలు కూడా గడవలేదు, పంతులమ్మ వచ్చింది. పెట్టె బండిలోనే ఉంది, రైలుకి టైము అవుతోంది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"కుదిరిందమ్మా" అన్నాడు నాయన. మెల్లగానే అన్నాడు, ఆయన తప్పేమీ లేదు, ముందే చెప్పిన మాట.

"పిల్లనొకసారి పిలవండి, చూసి పోతా."

"ఎండ తగలకూడదంటమ్మా" అంది అమ్మ.

"నేనే లోపలికొస్తాలే."

"వద్దులేమ్మా, తోలు ఊడతా ఉంది, చూడలేవు."

పంతులమ్మ అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. తర్వాత నా కోసమే అన్నట్టు గొంతు పెంచి, "పోయొస్తానే అమ్మాయీ" అంది. గడప అవతల ఎండ తెల్లగా పడి ఉంది. నా కాలికీ దానికీ మధ్య ఒక్క నాపరాయి. బండి కదిలింది, ఎద్దుల మెడలో గంటలు వీధి మలుపు దాకా వినపడ్డాయి.

తోలంతా ఊడాక అమ్మ అద్దం తెచ్చింది. కొత్త చర్మం గులాబి రంగులో మెరుస్తోంది. ముక్కుకి రెండు పక్కలా, బుగ్గల మీదా, అవే నోళ్ళు. కడిగి శుభ్రం చేసినట్టు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. అమ్మ అద్దం తీసుకుని బోర్లించింది.

"మీ బావని రానీలే, అడుగుతా" అంది. "పెళ్ళయ్యేదాకా పసుపు కాస్త దట్టంగా రాసుకో, సరిపోద్ది."

రోజూ పొద్దున్నే గిన్నె నా ముందు పెడుతుంది. నేను రాసుకుంటాను. ధాన్యం గదిలో గోడ మీది ఎర్ర మరకల మీద మళ్ళీ సున్నం కొట్టారు, అయినా కిందినుంచి కొంచెం కనపడుతూనే ఉన్నాయి. కిటికీకి కట్టిన గోనె తీసేశారు. ఇప్పుడు నన్ను ఎండలోకి పోవద్దని ఎవరూ అనరు. బావి దాకా పోయి నీళ్ళు తెచ్చుకుంటాను.