నీలోఫర్ టీచరు నిలబెట్టిన వరస

నీలోఫర్‌కి భయమంటే తెలియదని మా స్టాఫ్ రూములో అందరూ అంటారు. అది అబద్ధం. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతుంది. మనుషులంటేనే లేదు. నేను ఆవిడ పక్క గదిలో తెలుగు చెబుతాను. మధ్య గోడ సగం ఎత్తే లేపారు కాబట్టి, ఇష్టం ఉన్నా లేకపోయినా ఆవిడ ఇంగ్లీషంతా నా చెవిన పడుతుంది.

ఆవిడది బందరు, ఇనుగుదురుపేట. తండ్రి అబ్దుల్ జబ్బార్ గారు గిల్టు నగలకు పూత వేసేవారు. కూతురు డిగ్రీ చదువుతానంటే చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు, బీఎడ్ అనేసరికి మాట్లాడటమే మానేశారు. "మంచిదే అయిందక్కా, ప్రశాంతంగా చదువుకున్నా" అంటుంది. ఇప్పుడు తండ్రి చూపు తగ్గి పని మానేశారు. ఇల్లు ఈవిడ జీతం మీదే నడుస్తోంది. రోజూ బస్సులో మొవ్వ వచ్చి మా ప్రైవేటు బడిలో ఆరో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. బస్సులో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు మా వైపు అలవాటు కొద్దీ "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అని అడుగుతారు. తండ్రి పేరో మొగుడి పేరో చెబుతుందని చూస్తారు. "ఎవరి తాలూకూ కాదండీ, నా పేరు నీలోఫర్" అంటుంది. ఆ తరువాత వాళ్ళు కిటికీలోంచి చేలు చూసుకుంటూ కూర్చుంటారు.

మా పిల్లలకు ఒక జబ్బుంది. తెలుగులో ఏది ముందు వస్తే ఇంగ్లీషులోనూ దాన్నే ముందు పెడతారు. 'కాలవ పక్కన రమ్య పొలం' అని మనం చోటుతో మొదలుపెడతాం. ఇంగ్లీషువాడు సొంతదారును ముందు నిలబెట్టి, వెనకాలే సొత్తును పెట్టి, అదెక్కడుందో ఆఖర్న చెబుతాడు. బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా పిల్లలు తలకిందులే చేసేవాళ్ళు. నీలోఫర్‌కి ఒళ్ళు మండి, సుద్దముక్క పక్కన పడేసి, పిల్లల్నే మాటలుగా చేసి వసారాలో వరసగా నిలబెట్టింది. సొంతదారు ముందు. పొలమో సైకిలో అయిన పిల్లవాడు వచ్చి సొంతదారు భుజం పట్టుకోవాలి. 'పక్కన' అనే మాట అయినవాడు వాడి వెనక, కాలవ అందరికంటే వెనక. వంతులవారీగా అందరూ అన్నీ కావాలి. పిల్లలు రైలాట ఆడినట్టు ఆడుతూనే దారిలో పడ్డారు. ఇంగ్లీషంటే నాకు గిట్టదు, అయినా ఆ పాఠం నచ్చింది.

సొంతదారుగా రమ్య వంతు వచ్చిన రోజున గొడవ మొదలైంది. రమ్య పున్నమ్మ మనవరాలు. పున్నమ్మ చిన్నబాబు గారి చేలో కూలి చేస్తూ, నోరు కట్టుకుని ఆ పిల్లను ఇంగ్లీషు మీడియంలో వేసింది. చిన్నబాబు గారంటే మా ఊళ్ళో సగం ఆయనదే. మా బడి నడిచే పాత ధాన్యం గోదాము కూడా ఆయనదే. ఆయన మనవడు ధీరజ్ రమ్య తరగతిలోనే ఉన్నాడు. ఆ రోజు రమ్య సొంతదారైతే ధీరజ్ పొలమయ్యాడు. "రమ్యాస్ ఫీల్డ్ బిసైడ్ ది కెనాల్" అని అందరూ గొంతెత్తి చెప్పారు. వాడు ఇంటికెళ్ళి, తాను రమ్య పొలాన్నయ్యానని అన్నం తింటూ గొప్పగా చెప్పుకున్నాడు.

తెల్లారేసరికి కరస్పాండెంట్ ఈశ్వరప్రసాద్ గారు స్టాఫ్ రూములో చెమటలు తుడుచుకుంటున్నారు.

"పాఠం ఆపమని నేననట్లేదు మేడం. రేపు చిన్నబాబు గారు స్వయంగా వచ్చి చూస్తానన్నారు. ఆయన ఉన్నంతసేపూ ధీరజ్‌ని ముందు పెట్టి, ఆ అమ్మాయిని వెనకెక్కడో సర్దండి. మీకేం పోయింది?"

"ధీరజ్ వంతు వస్తే ధీరజే ముందుంటాడు సార్. రేపు కూడా రమ్య వంతే, నిన్న తన వంతు సగంలో ఉండగానే గంట కొట్టేశారు, ఇవాళ ఆ పాఠం లేదు."

"బిల్డింగ్ ఆయనది మేడం."

"బిల్డింగే కదండీ."

"మీ ఉద్యోగం నేను కాపాడలేను."

"కాపాడమని అడగలేదు కదండీ."

ఆయన వెళ్ళాక నేనే మెత్తగా చెప్పబోయాను. ఒక్క రోజే కదా అన్నాను. "ఆ ఒక్క రోజు వెనక్కి పంపితే ఆ పిల్ల ఇంక ఎప్పటికీ ముందుకు రాదక్కా" అంది. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, గర్వమూ కలిగింది. ఏది ఎక్కువో చెప్పలేను.

మర్నాడు చిన్నబాబు గారు ఒక్కరే రాలేదు. నాట్లు వేస్తున్న పున్నమ్మను చేలోంచి లేపి వెంట తెచ్చారు. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుంటే ఆవిడ బురద కాళ్ళతో మెట్ల కింద నిలబడింది. అమ్మమ్మను చూడగానే రమ్య ఎవరూ చెప్పకుండానే వరస చివరికి వెళ్ళిపోయింది. నేను పుస్తకం మూసి నా పిల్లలతో సహా గుమ్మం దగ్గరికి వచ్చేశాను.

"చూశారా మేడం గారూ, తన చోటేదో పిల్లకే తెలుసు" అన్నారు చిన్నబాబు గారు. "ఏమే పున్నమ్మా, మీ పిల్లని ముందు పెట్టొద్దని నువ్వే చెప్పు."

"చెప్పండమ్మా" అంది నీలోఫర్. "మీరెలా అంటే అలాగే చేస్తాను."

పున్నమ్మ చీర కుచ్చిళ్ళకు చేతులు తుడుచుకుంది.

"ముందు నిలబడితే ఏదైనా మనదైపోద్దా టీచరమ్మా?"

"అయిపోదమ్మా. మనదైనదాన్ని మనదని నలుగురిలో చెప్పొచ్చు."

"అయితే నా ఇల్లు చెప్పించండి."

కాలవ గట్టు మీద ఆ రేకుల ఇల్లు పున్నమ్మ మట్టి మోసి కట్టుకున్నదే. ఊరు మాత్రం దాన్ని చిన్నబాబు గారి పాక అనే అంటుంది, ఆయనా కాదనరు. పున్నమ్మ మెట్లెక్కి వచ్చి పిల్లలందరికీ ముందు నిలబడింది. ఆవిడ వెనక ఇల్లుగా నిలబడే వంతు ధీరజ్‌ది. వాడు తాత వంక, టీచరు వంక చూసి, చెయ్యి చాపాడు. భుజం అందలేదు. పున్నమ్మ కాస్త వంగింది.

చిన్నబాబు గారు లేచారు. "ఈశ్వరప్రసాద్, రేపట్నుంచి ఈవిడ బడిలో ఉండటానికి వీల్లేదు. ఏమే, నువ్వు కూడా నా చేలో అడుగుపెట్టకు."

"రేపటి సంగతి రేపు చూద్దామండీ" అంది నీలోఫర్. "పీరియడ్ ఇంకా ఉంది, కూర్చోండి."

"పెట్టను బాబుగారూ" అంది పున్నమ్మ, వెనక్కి తిరక్కుండానే. "పిల్లల్ని చెప్పనివ్వండి."

పిల్లలంతా చిన్నబాబు గారి వంక చూశారు. నీలోఫర్ ఎవరినీ అడగలేదు, చేతులు కట్టుకుని నిలబడింది. అప్పుడు వరస చివర నుంచి రమ్య గొంతు ఒక్కటే వినిపించింది. "మై గ్రాండ్‌మదర్స్ హౌస్ ఆన్ ది కెనాల్ బండ్."

పున్నమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. "మళ్ళీ చెప్పవే" అంది.