బస్సులో జారిన ‘ఏటి’

ఆ రోజుల్లో, అంటే అరవయ్యో దశకం చివర్లో, మనిషి నోరు విప్పితే చాలు, ఏ ఊరివాడో చెప్పేసేవాణ్ణి. దారి అడిగితే విజయనగరం వాడు వెంట నడుస్తూ వాళ్ళ తాతగారి పాటకచేరీల కథ చెబుతాడు, బొబ్బిలి వాడు ముందు ‘నువ్వెవరి తాలూకా’ అని నిలదీస్తాడు, శ్రీకాకుళం వాడు ‘అన్నం తిన్నావా’ అంటాడు. ఈ మూడు ఊళ్ళూ కాలినడకన తిరిగి కనిపెట్టిన సత్యమిది. (కాలినడక అబద్ధం. అప్పటికి విజయనగరం రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ పంటినొప్పికే.)

ఈ పాండిత్యమంతా శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్ళే బస్సులో, నన్ను పెళ్ళిచూపులకు తీసుకెళుతున్న పెద్దమనిషి ముందు ఒలకబోశాను. ఆయన పిల్లకు మేనత్త భర్త. శ్రీకాకుళం వైపు మోటు మాటల వాళ్ళకు ఆ ఇంటివాళ్ళు పిల్లనివ్వరట. నా గుమాస్తా ఉద్యోగం అక్కడే గాని పుట్టుక విజయనగరమని మధ్యవర్తి చెప్పాడు. పిల్ల ఫొటో అప్పటికే నా చొక్కా జేబులో చేరింది, కాబట్టి నేనూ కాదనలేదు.

“ఆ శ్రీకాకుళం వాళ్ళు ‘ఏమిటి’ అనడానిక్కూడా బద్ధకించి ‘ఏటి’ అంటారండీ,” అన్నాను.

“అంతేనండీ, అంతే,” అన్నాడాయన పంచె సర్దుకుంటూ.

అంతలో బ్రేకు పడింది. ముందు సీటావిడ ఎండుచేపల గంప జారి నా కాలిమీద పడింది.

“ఓలమ్మో, కాలిరిగిపోనాది. ఏటప్పా, సూసుకోవేటి?”

(విరగలేదు. గోరు గీసుకుంది.)

ఆవిడ ముద్దుగా చూసింది. “మనోడే. ఏ ఊరు బాబూ, టెక్కలి పక్కనేటి?”

సరిగ్గా పక్కనే. పెద్దమనిషి విజయనగరం దాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాడు. ఫొటో తిరిగి ఎలా ఇవ్వాలా అని నేను ఆలోచనలో పడ్డాను.

దిగేటప్పుడు ఆయన పంచె మెట్టు దగ్గర మేకుకు తగులుకుంది. బస్సు కదిలింది.

“ఒరే, ఆపరా. పంచి సిరిగిపోతన్నాది.”

బస్సు ఆగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

“ఏ ఊరు మావా?” అన్నాను.

“పలాస అవతల,” అన్నాడు చిరుగు దాచుకుంటూ. “ఆలింటి అల్లుణ్ణయి ఇరవయ్యేళ్ళయినాది. ఇప్పటికీ ఎవులికీ తెల్దు. నీది నేను సెప్పను, నాది నువ్వు సెప్పకు.”

పెళ్ళయింది. వారం తిరక్కుండా మా ఆవిడ, “ఏటి, మరికాస్త కూర ఎయ్యమంటారేటి?” అంది. తెల్లబోయాను. వాళ్ళింట్లో అందరిదీ అదే మాటట. మేనత్త భర్త గడప తొక్కితే మాత్రం ‘ఏమిటండీ’ మొదలు, నాగరికుడైన అల్లుడు ఏమనుకుంటాడోనని.

ఆ తరవాత ప్రతి పండక్కీ ఆయనా వాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని పుస్తకాల తెలుగు వడ్డించుకుంటుంటే, మధ్యలో నేను నవ్వు దిగమింగుకునేవాణ్ణి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయనదీ అదే మాటని నేను వాళ్ళకు చెప్పి ఉంటే ఒక్క పూటైనా ఆ ఇంట్లో హాయిగా నోరు విప్పేవాడు పాపం. ఇచ్చిన మాట కోసం చెప్పలేదని ఇన్నాళ్ళూ అందరితో అన్నాను. (అదీ అబద్ధమే. చెబితే ఆ తమాషా పోతుందని చెప్పలేదు.)