ఎండాకాలం పోని భూగోళం

ఆ సైకిల్ షాపుకి కొత్తగా వచ్చేవాళ్లు లోపలికి తొంగిచూసి, "మెకానిక్ లేడా?" అని అడుగుతారు. చక్రం ముందు కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే, "లేడు, ఉంది. సైకిల్ లోపల పెట్టండి" అంటుంది. రెండోసారి వచ్చేసరికి వాళ్లు కూడా అందరిలాగే ఆమెను స్పానరక్క అని పిలుస్తారు.

షాపు మొదలుపెట్టింది తండ్రి. మోకాళ్లు మొరాయించాక ఆయన గుమ్మం పక్కన ఒక పాత కారు సీటులో స్థిరపడి, కూతురి పనికి వంకలు పెట్టడమే ఉద్యోగంగా చేసుకున్నాడు. వంక దొరక్క ఆయన పడే అవస్థ అంతా ఇంతా కాదు. స్పానరక్క బిగించిన నట్టు వదులవదు. ఆమె వేసిన వెల్డింగ్ కదలదు. బాగుచేసి పంపిన సైకిల్ అదే తంటాతో తిరిగొస్తే ఆ పూట ఆమెకు అన్నం సయించదు. ఊగే వస్తువును చూస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. బంధువుల ఇంటికి వెళ్లినా ముందు వాళ్ల కుర్చీ కాళ్లే చూస్తుందని అంటారు.

ఆ గట్టితనమే ఆమెను ఒకసారి నలుగురిలో తలదించుకునేలా చేసింది.

వీధి చివరి బడిలో కొత్తగా సైన్సు హాలు కట్టారు. సూర్యుడి చుట్టూ భూమి, భూమి చుట్టూ చంద్రుడు తిరిగే నమూనా ఒకటి అందులో పెట్టాలనుకున్నారు. హెడ్ మేడం ఒక కంపెనీవాళ్ల ప్లాస్టిక్ నమూనా చూసి ఉంచింది. అది అరచేతిలో పట్టేంతే ఉందని, వెనక బెంచీవాళ్లకు భూమి ఆవగింజలా కనిపిస్తుందని సైన్సు మేష్టారు పట్టుబట్టి, పని స్పానరక్కకు ఇప్పించాడు.

ఆమెకు ఇది ఇంకో పని కాదు. ఇన్నేళ్లూ ఆమె చేసిందంతా ఎవరో తయారుచేసిన వస్తువులకు మరమ్మతు. ఇది మొదటినుంచీ చివరిదాకా ఆమె చేతిలో పుట్టే వస్తువు. పిల్లలు ఏళ్ల తరబడి చుట్టూ చేరి చూసే వస్తువు.

మధ్యలో స్టాండు మీద బల్బు, అదే సూర్యుడు. స్టాండు నుంచి బయటికి పొడుగాటి అడ్డ కడ్డీ. కడ్డీ చివర ఒక నిలువు పైపు, దాని మీద భూమి బదులు రబ్బరు బంతి. మేష్టారు చెప్పినట్టే బంతి ఇరుసును కాస్త పక్కకు వాల్చింది. బంతి ఇరుసు మీద గిర్రున తిరిగితే రాత్రీ పగలూ వస్తాయి. పైపును మాత్రం ఎక్కడా కదలకుండా అడ్డ కడ్డీకి వెల్డింగ్ చేసేసింది. దాంట్లో తండ్రికి కూడా వంక దొరకలేదు.

చంద్రుణ్ణి తర్వాత అమర్చొచ్చని, ముందు భూమి వరకే బడికి తీసుకెళ్లి, కిటికీలు మూసి బల్బు వెలిగించారు. మేష్టారు బంతి పై సగంలో, మన ఊరు ఉండేచోట ఎర్ర గుండుసూది గుచ్చి అడ్డ కడ్డీని నెమ్మదిగా తిప్పాడు. సగం చుట్టు వెళ్లాక ఆపేశాడు.

"అక్కా, ఇక్కడ ఎండాకాలం పోవట్లేదు."

"అంటే?"

"చూడండి, మన సగం బల్బు వైపు వాలి ఉంది. అక్కడున్నప్పుడూ అంతే, ఇక్కడికొచ్చినా అంతే. సగం చుట్టు వచ్చేసరికి మన సగం బల్బుకి దూరంగా, అవతలి వైపుకి వాలాలి. అప్పుడు ఎండ ఏటవాలుగా పడి, పగలు కురచై చలికాలం వస్తుంది. దీంట్లో అది ఎప్పటికీ రాదు."

"మీరు వాల్చమన్నట్టే వాల్చానుగా."

"వాల్చారు. కానీ కడ్డీకి అతికించేశారు. కడ్డీ ఎటు తిరిగితే వాలూ అటే తిరుగుతోంది."

హెడ్ మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మంగళవారం హాలు తెరవాలి. ఆ కంపెనీవాళ్లకి ఫోన్ చేసేస్తానమ్మా. నీ కష్టం వృథా అవుతుందనుకో, కానీ..."

"సోమవారం దాకా చెయ్యకండి."

"సోమవారానికి ఏమవుతుంది?"

"చలికాలం వస్తుంది" అంది స్పానరక్క.

షాపులో తండ్రికి ఎన్నాళ్లకో పండగలా వంక దొరికింది. "ఎండాకాలం పోవట్లేదా? ఈ రేకుల కింద ఎప్పుడు పోయింది గనక. ఉన్నదున్నట్టే చేశావు, బడివాళ్లకే తెలీలేదు."

"నాన్నా, నువ్వు కాసేపు ఊరుకో."

"ఊరుకోడానికైతే లోపల మంచం ఉందిగా, ఇక్కడెందుకు కూర్చోవడం?"

స్పానరక్క గ్రైండరు తీసింది. తను వేసిన అతుకును తనే కోసుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున్నే మేష్టారు వచ్చాడు. షాపు మధ్యలో స్టూలు వేసి అదే సూర్యుడనుకోమన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, దాని కొన వీధి గుమ్మం వైపు వాల్చి పట్టుకుని స్టూలు చుట్టూ నడిచాడు. ఆయన ఎక్కడున్నా పెన్ను కొన గుమ్మం వైపే ఉంది.

"భూమి ఇంతే అక్కా. తను చుట్టూ తిరుగుతుంది గానీ వాలే దిక్కు మార్చుకోదు. అందుకే ఒకప్పుడు మన సగం సూర్యుడి వైపు ఉంటుంది, ఇంకొకప్పుడు అటు పక్కకి పోతుంది."

"నువ్వు తిరుగుతున్నావు గానీ నీ పెన్ను తిరగట్లేదన్నమాట" అన్నాడు తండ్రి.

స్పానరక్క మేష్టారిని చూడట్లేదు. మూలన ఉన్న సైకిల్ దగ్గరికి వెళ్లి చేత్తో పెడలు తిప్పింది. పెడలు తగిలించిన క్రాంకు గుండ్రంగా తిరిగింది. ఆమె అరచేతి కింద పెడలు పైకి వెళ్లింది, కిందికి వచ్చింది, ఒక్కసారి కూడా బోర్లా పడలేదు.

"ఇదేగా మీరు చెప్పేది?"

"అచ్చంగా ఇదే" అన్నాడు మేష్టారు. "కానీ దాన్ని మీ చెయ్యి పట్టుకుంది. భూమిని ఎవరు పట్టుకుంటారు?"

"చైను పట్టుకుంటుంది."

ఒకే లెక్క పళ్లున్న రెండు చైను చక్రాలు వెతికి తీసింది. ఒకటి బల్బు స్టాండుకి తిరగకుండా బిగించింది. రెండోది భూమి పైపు అడుగున పెట్టి, పైపు దాంతోపాటు సులువుగా తిరిగేలా బేరింగు వేసింది. రెండింటికీ కలిపి చైను ఎక్కించింది. అడ్డ కడ్డీ తిప్పితే భూమి చుట్టూ వెళ్లింది. వాలు మాత్రం వీధి గుమ్మాన్ని వదల్లేదు. గుండుసూది మీద వెలుగు నిటారుగా పడి, తర్వాత ఏటవాలైంది, మళ్లీ నిటారైంది.

ఇక చంద్రుడు. చిన్నపిల్లల సైకిల్ రిమ్మును బంతి చుట్టూ చదునుగా అమర్చి, దాని మీద తెల్ల గోళీ దొర్లించారు. మేష్టారు మళ్లీ తల గోక్కున్నాడు. పున్నమి వచ్చిన ప్రతిసారీ భూమి నీడ గోళీ మీద పడుతోంది. అమావాస్య వచ్చిన ప్రతిసారీ గోళీ నీడ భూమి మీద పడుతోంది.

"ఇలాగైతే నెలనెలా రెండు గ్రహణాలు."

"ఒకటి కొంటే ఒకటి ఉచితం" అన్నాడు తండ్రి.

"చంద్రుడి దారి చదునుగా ఉండదు పెద్దాయనా, కాస్త ఏటవాలు. అందుకే చాలా నెలలు నీడకి పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు."

స్పానరక్క రిమ్ము కింద ఒక పక్క వాషర్లు వేసి ఎత్తు చేసింది. బిగించబోతూ ఆగింది. "ఈ వాలు కూడా దిక్కు మార్చుకోకూడదా?"

"దాదాపుగా. ఏళ్ల మీద మెల్లగా మారుతుంది. ఆ తేడా పాఠంలో నేను చెప్పుకుంటాను."

"అయితే దీన్నీ ఆ పైపుకే బిగిస్తా. ఆ చైనే చూసుకుంటుంది."

గోళీని వేలితో దొర్లిస్తూ కడ్డీ ఒక చుట్టు తిప్పారు. నెలలు గడిచాయి, గోళీ నీడను తప్పించుకుంటూ పోయింది. చుట్టులో ఎదురెదురుగా ఉన్న రెండుచోట్ల మాత్రం బల్బూ, భూమీ, గోళీ ఒకే గీతలోకి వచ్చాయి. గోళీ నల్లబడింది. కాలాలకీ, గ్రహణాలకీ కలిపి ఒకే చైను. మేష్టారు మళ్లీ మొదటినుంచీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. తండ్రి లోపల మంచం మీద పడుకోకుండా మధ్యాహ్నమంతా అక్కడే ఉండి, దారినపోయే వాళ్లను ఆపి, "మా అమ్మాయి చేసింది" అని చూపించాడు.

సోమవారం హెడ్ మేడం తనే కడ్డీ పట్టుకుని తిప్పింది. చలికాలం వచ్చింది. మరోసారి తిప్పింది, మళ్లీ వచ్చింది. గ్రహణం దగ్గర ఆగి, గోళీ మీది నీడను వంగి చూసింది.

"బాగుందమ్మా. ఉండనీ. ఆ కిటికీ మూల పెట్టిస్తాను."

"మూల కుదరదు మేడం."

"ఎందుకు?"

"చలికాలం గోడకి తగులుతుంది. మధ్యలో పెట్టాలి."

"మధ్యలో పెడితే బల్లలెక్కడ వెయ్యను?"

"చుట్టూ వేయించండి. ఎలాగూ పిల్లలు చూడాల్సింది దీన్నేగా."

మేష్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. హెడ్ మేడం అడ్డ కడ్డీ పొడుగు చూసింది, మూల చూసింది. తర్వాత చీర కొంగు నడుముకి దోపుకుని ముందు వరస బల్ల ఒక చివర పట్టుకుంది. రెండో చివర స్పానరక్క అప్పటికే పైకి లేపి ఉంది.