ముళ్లకంప దాకా మారథాన్

బోధన్‌లో చిన్న కిరాణా దుకాణం నాది. నలభై దాటాక పరుగు మొదలుపెట్టి, ఏడాదంతా కష్టపడి హైదరాబాద్ మారథాన్‌కు తయారయ్యాను. కరోనా వచ్చి పోటీ రద్దయింది. మనసొప్పక, పోటీ జరగాల్సిన పొద్దున ఒక్కడినే బయలుదేరాను, పోలీసుల కంట పడకుండా చెరుకు తోటల దారిలో.

ఎడపల్లి దాటితే మా అత్తగారి ఊరు. ఊళ్లోవాళ్లు దారికి అడ్డంగా ముళ్లకంప వేసి, కర్రలతో కాపలా ఉన్నారు. చెమటలు కక్కుతూ, రొప్పుతూ వస్తున్న నన్ను చూసి ఒకాయన అరిచాడు: "కరోనా దవాఖాన్లకెళ్లి తప్పించుకొని ఉరికొచ్చిండు! దగ్గరికి పోకుండ్రి!"

కర్రలు లేచాయి. వాళ్లలో నా భార్య తమ్ముడు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. "నేనేరా, మీ బావను! జర చెప్పు వీళ్లకు" అన్నాను.

వాడు ముక్కుకు కట్టిన తువ్వాల సర్దుకుని, "గాయన ఎవరో నాకు తెల్వదు. వాపస్ పంపుండ్రి" అన్నాడు.

బోధన్ దాకా నడిచే వచ్చాను. పరుగెత్తితే మళ్లీ పారిపోతున్న రోగినే అనుకుంటారు కదా!

తర్వాత పోటీలు మొదలయ్యాయి. మారథాన్ పూర్తి చేశాను. వాడు ఇంటికొచ్చి, నా మెడల్ మెడలో వేసుకుని ఫోటో దిగి, "మా బావ ఉరికి తెచ్చిండు" అని అందరికీ పంపాడు.

మెడల్ వాడినే ఉంచుకోమన్నాను. వాడు నన్ను బావ అనాల్సింది ఆ ముళ్లకంప ముందు.